బండి దిగి చెప్పిన మాట

గుళ్లో హారతి వేళ గంటలూ డోలూ శంఖమూ ఒక్కసారిగా మోగుతాయి కదా, ఆ మోతలో మనిషి పెదవుల మీద గొణుక్కున్న కోరిక దేవుడికి వినపడుతుందా? ఈ సందేహం త్యాగరాజుకి ఎనిమిదో ఏట వచ్చింది. శివాలయంలో అర్చకత్వం చేసే తండ్రిని అడిగితే, "వినపడకపోతే ఇంతమంది ఎందుకొస్తార్రా?" అన్నాడాయన. అది జవాబు కాదని పిల్లవాడికి తెలుసు. తండ్రికీ తెలిసే ఉంటుంది. నలభై ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ త్యాగరాజు పొద్దున పూజలో గంట వాయించి, దాని నాలుకని వేలితో పట్టి ఆపి, మోత పూర్తిగా చల్లారాకే అడగవలసింది అడుగుతాడు. "ఆయనకి చెవుడని మీకెవరు చెప్పారండీ?" అని భార్య బాలసరస్వతి నవ్వుతుంది. త్యాగరాజూ నవ్వేస్తాడు. సందేహం మాత్రం అలాగే ఉంది.

కిందటివారం ఆయన్ని మనం ఎక్కడ కూర్చోబెట్టి వచ్చామో తెలుసు కదా. పత్తి రైతుల సహకార సంఘం వారి జిన్నింగు మిల్లు ఆఫీసు గదిలో, చేతుల కుర్చీలో. త్యాగరాజుది ప్రత్తిపాడు బస్సులు ఆగే చోట రేడియో మరమ్మతు కొట్టు. సంఘం పత్తి లారీలకి ముందొక మోటారు సైకిలు, వెనకొక మోటారు సైకిలు కాపలాగా వెళతాయి. ముందువాడు రోడ్డుకి అడ్డంగా వేలాడే కరెంటు తీగలు చూస్తాడు. వెనకవాడు లోడు మీద కన్నేసి ఉంచుతాడు. ఆ ఇద్దరూ మాట్లాడుకోడానికి వాకీటాకీలు కొనాలని సంఘం అనుకున్నప్పుడు, ఏ సెట్టు మంచిదో ఎంచి ఇచ్చింది త్యాగరాజే. తొమ్మిది రోజుల కిందట పర్చూరు దారిలో కాలవ కట్ట మీద పత్తి లారీ ఒకటి కాలి బూడిదయింది. "పొగ చూసి పిలిచాను" అంటాడు వెనక బండి సంజీవరావు. "నాకు వినపడలేదు" అంటాడు ముందు బండి జయరావు. సెట్టు బాగానే ఉందని, తప్పు సంజీవరావుదని సంతకం పెట్టమని ఆ పొద్దున త్యాగరాజుని పిలిపించారు. ఆలోచించుకుని రేపు చెబుతానని ఆయన లేచేసరికి, బయట వాచ్‌మన్ గేటుకి గొలుసు చుట్టి తాళం వేస్తున్నాడు.

"మిమ్మల్ని కాదు పంతులుగారూ," అన్నాడు సంఘం ప్రెసిడెంటు రామాంజనేయులు, ఎంతో నొచ్చుకున్నట్టు. "లారీ కాలినప్పటి నుంచీ రైతులు వచ్చి పడుతున్నారు. గేటు తీస్తే గోల. మీరు కూర్చోండి. ఎండలో ఎక్కడికి పోతారు?"

అలా పొద్దున తొమ్మిదింటికి కూర్చున్న మనిషి. పక్క కళ్లంలో మిరపకాయలు ఎండబోశారు. గాలి వీస్తే ఘాటుకి దగ్గొస్తుందని కిటికీ మూశారు. దూది నూగు ఎగిరి పడుతుందని తలుపు మూశారు. ఫ్యానుంది కానీ వేస్తే కాయితాలు ఎగురుతాయట. గోడ అవతల జిన్ను యంత్రాలు అదేపనిగా గుర్రుమంటున్నాయి. బల్ల మీద కాయితం, దాని మీద మూత తీసిన పెన్ను. ప్రతి అరగంటకీ కాఫీ. మధ్యాహ్నం అరిటాకు.

"మీరు బయట తినరని నాకు తెలుసండి. అందుకే మీ దుర్గాంబగారింట్లో మడితో వండించి పంపించమన్నాను. ముద్దపప్పు, గోంగూర, మజ్జిగ పులుసు. మా మర్యాద ఎప్పుడైనా తప్పిందా మీ దగ్గర?"

తప్పలేదు. అదే వచ్చిన చిక్కు. తిట్టి గెంటేసినా బాగుండేదని త్యాగరాజుకి అనిపించింది. తిట్టిన మనిషికి ఎదురు చెప్పొచ్చు. ఆకు వేసి నెయ్యి వడ్డించే మనిషికి ఏం చెబుతాం? ఆపోశన పట్టి, నాలుగు ముద్దలు తిని, లేచి చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకోడానికి తువ్వాలు కూడా ప్రెసిడెంటే అందించాడు. ఆ తువ్వాలుతో పాటే కాయితమూ ముందుకి జరిగింది.

'సెట్లు రెండును ప్రమాద దినమున పనిచేయు స్థితిలో ఉన్నవనియు, వెనుక బండి మనిషి అజాగ్రత్త వలననే వార్త అందలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.'

"సెట్టు పనిచేసేదే కదండీ?" అన్నాడు ప్రెసిడెంటు.

"పనిచేసేదే."

"మరి సంతకానికి ఏమొచ్చింది?"

"మొదటి సగానికి పెడతానండి. రెండో సగం నాకు తెలియదు."

"అయితే కాయితం చింపి సగం మీకిమ్మంటారా?"

త్యాగరాజు కాయితాన్ని వెనక్కి జరిపాడు. రామాంజనేయులు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

"నేను చెడ్డవాణ్ణి కాదు పంతులుగారూ. వినండి. మనిషి చేసిన తప్పయితే నష్టం కట్టిస్తామంటున్నారు ఇన్సూరెన్సువాళ్లు. కొన్న సెట్టే ఆ పనికి తగింది కాదంటే, అది సంఘం తెలివితక్కువ, మాకు పూచీ లేదంటున్నారు. ఆ లారీలో నలభై రెండు ఇళ్ల పత్తి ఉంది. తెల్లదోమ తిన్నది తినగా మిగిలింది. మా వెంకయ్య సంగతి మీకు తెలుసుగా? మందు కొట్టీ కొట్టీ వాంతులు చేసుకుని, మళ్లీ డబ్బా భుజానికి ఎత్తుకుని చేలో దిగాడు. వాడి ముందు నిలబడి 'పంతులుగారికి అనుమానం వచ్చింది, నీకు పైసా రాదురా' అని చెప్పగలరా? మీరు చెప్తానంటే ఇప్పుడే గేటు తీయిస్తా. వెళ్లి చెప్పండి."

"సంజీవరావు ఏమవుతాడు?"

"నాలుగింటికి పోలీసు సర్కిల్‌గారు వస్తున్నారు. కాయితం ఉంటే వాణ్ణి తీసుకెళతారు. పెళ్లయి ఆరునెల్లు కాలేదు, నాకు జాలి లేదనుకోకండి. బెయిలు నేనే చూస్తా. ఒక మనిషి, నలభై రెండు ఇళ్లు. మీరే తూచండి."

తక్కెడ ఆయన చేతికిచ్చి ప్రెసిడెంటు వెనక్కి వాలాడు. త్యాగరాజు తూచలేకపోయాడు. ఒక పళ్లెంలో ఒక మనిషిని కూర్చోబెడితే అది ఎందుకో పైకి లేవడం లేదు.

"వాళ్లిద్దర్నీ ఒక్కసారి పిలిపించండి," అన్నాడు. "వాళ్ల నోట వినకుండా నా చెయ్యి ఆడదు."

సంజీవరావుని పొద్దుటి నుంచి కాటా గదిలో కూర్చోబెట్టారు. జుట్టంతా దూది నూగు పట్టి, పాతికేళ్లకే నెరిసినట్టున్నాడు. అతని వెనకే జయరావు వచ్చాడు. లారీలోంచి డ్రైవర్ని లాగినప్పుడు రెండు చేతులూ కాలాయి. మణికట్ల దాకా కట్లు.

"ఏరా, తాగావంటగా ఆ రోజు?" అన్నాడు ప్రెసిడెంటు.

"నేను తాగనండి. ఆదివారం చర్చిలో తబలా వాయించేవాణ్ణి," అన్నాడు సంజీవరావు. గొంతు బొంగురుపోయి ఉంది.

"తాగి వాయిస్తే తాళం తప్పుద్దని ఎవరన్నా చెప్పారా?"

"గొంతేమయింది నాయనా?" అని అడిగాడు త్యాగరాజు.

"అరిచిందేనండి. ఇంకా రాలేదు. లోడు పైన తీగ తగిలినట్టుంది, సన్నంగా పొగ. కట్ట మీద లారీ పక్కనించి దూరే సందు లేదు. హారను కొడితే డ్రైవరుకి వినపళ్లా. వాడు చూసేది ముందు బండి మనిషి ఊపే ఎర్ర గుడ్డనే. అందుకని సెట్టులో 'జయరావన్నా పొగ, అన్నా పొగ' అని ఎన్నిసార్లు పిలిచానో ఆ ప్రభువుకే తెలియాలండి."

"ప్రభువుకి తెలిస్తే సరా? జయరావుకి తెలియాలిగా," అన్నాడు ప్రెసిడెంటు.

జయరావు తల ఎత్తాడు. "వాడు పిలవలేదని నేను అన్లేదండి. నాకు వినపళ్లేదన్నాను. రాసుకున్నోళ్లు మార్చి రాసుకున్నారు."

త్యాగరాజు పాడైన రేడియోని ముందేసుకున్నప్పుడు ఎలా చేస్తాడో అలాగే చేశాడు. ఎక్కడ ఆగిపోయిందో వెతకడం మాని, ఎక్కడిదాకా పలికిందో అక్కడి నుంచి మొదలుపెట్టాడు.

"జయరావూ, దసరా అప్పుడు మనం సెట్లు పరీక్ష చేశాం చూడు. పెద్దసెట్టొకటి, చిన్నసెట్టొకటి. కొప్పర్రు దాటి ఐదో మైలు దగ్గర నువ్వున్నావు. అక్కడేం చేశావో చెప్పు."

"మాట్లాడానండి."

"మాట్లాడే ముందు?"

"బండి ఆపానండి."

"ఎందుకు ఆపావు?"

జయరావు ప్రెసిడెంటు వైపు ఒకసారి చూశాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు మళ్లీ త్యాగరాజు వైపు చూశాడు. "ఇవతల సెట్టు పట్టుకుంది ప్రెసిడెంటుగారు కదండీ?"

"అయితే?"

"ఆయనతో బండి మీద కూర్చుని ఎట్టా మాట్లాడతానండీ? ఇంజను కట్టేశా. దిగా. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నా. అప్పుడు బొత్తాం నొక్కి 'అయ్యా, వినపడుతుందా' అన్నా."

"ఐదు మైళ్ల అవతల నిన్ను చూసేవాళ్లెవరయ్యా?"

"ఎవరూ లేరండి. ఒక గేదె ఉంది."

రామాంజనేయులు పకపకా నవ్వాడు. నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంది. "చూశారా పంతులుగారూ, మా కుర్రాళ్ల పెంపకం!"

త్యాగరాజు నవ్వలేదు.

మూడు రోజులు పరీక్ష చేశారు. మైలు దగ్గర, మూడు మైళ్ల దగ్గర, ఐదు మైళ్ల దగ్గర. ఆరుగురు కుర్రాళ్లు. ప్రతిసారీ ఇవతల సెట్టు ప్రెసిడెంటు చేతిలోనే ఉంది, కొత్త వస్తువు కదా, ఆయన ఇవ్వలేదు. ఆరుగురూ ప్రతిసారీ బండి ఆపి, దిగి, తలగుడ్డ తీసి మాట్లాడారు. పెద్దసెట్టులో గొంతు గుళ్లో గంటలా ఖణేల్మంది. చిన్నసెట్టులో మాట పీలగా, ముక్కుతో మాట్లాడినట్టు వచ్చింది, పైగా నాలుగో మైలు దాటితే రాలేదు. దాన్ని పట్టుకొచ్చిన మద్రాసాయన వచ్చీరాని తెలుగులో, "రన్నింగ్ బండిలో చూడండి సార్, ఒక్కసారి రన్నింగులో" అని బతిమాలాడు. ఎవరూ పట్టించుకోలేదు. ప్రెసిడెంటుగారితో పోతూ పోతూ మాట్లాడటమా! ఆయన సంచీ సర్దుకుని చీరాల రైలుకి వెళ్లిపోయాడు. 'పెద్దసెట్టే మేలు' అని త్యాగరాజు తన చేత్తో రాసిచ్చాడు.

"తర్వాత లారీల వెంట తిరిగేటప్పుడు?" అని అడిగాడు. తన గొంతు తనకే దూరంగా వినపడింది.

"అప్పుడూ అంతేనండి. తీగ కనపడితే నేను ముందుకెళ్లి ఆపి, దిగి పిలిచేవాణ్ణి. లారీ, వీడూ వెనక మలుపులో ఆగి ఉండేవోళ్లు. నేను రమ్మన్నాక కదిలేవోళ్లు."

"బండి నడుస్తుండగా నువ్వెప్పుడైనా విన్నావా?"

"నడుస్తుంటే సెట్టు గీపెట్టుద్దండి. చెవులు చిల్లులు పడతాయి. అందుకని సెట్టు చెవి మెలిపెట్టి దాని గొంతు తగ్గించేవాణ్ణి."

"ఆ మాట నాతో చెప్పలేదేం?"

జయరావు కట్లు కట్టిన చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకున్నాడు. "మాకే వాడటం చేతకాదేమో అనుకున్నామండి. తెలిసినోళ్లు మీరు ఎంచి ఇచ్చారు కదా. తప్పు మీదెట్టా అవుద్ది?"

త్యాగరాజు కొట్టు ముందు నుంచి మోటారు సైకిలు వెళ్లినప్పుడల్లా బల్ల మీది రేడియో టరటరమంటుంది. ఇరవై ఏళ్లుగా వింటున్నాడు. మెరుపు మెరిస్తే రేడియో టక్కుమన్నట్టే, ఇంజనులో ప్లగ్గు కొట్టే నిప్పురవ్వ ప్రతిదీ ఒక చిన్న మెరుపు. ఆ మెరుపుల రొదని పెద్దసెట్టు మాటతో పాటే పట్టుకుంటుంది. పీలగా పలికే చిన్నసెట్టు బహుశా పట్టుకోదు. తెలియనిదా? తెలుసు. తెలిసీ అడగలేదు. బండి ఆగే ఉంది కదా, మర్యాదగా!

వాడు పిలిచాడు. వీడికి వినపడలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు.

"ప్రెసిడెంటుగారూ," అని లేచాడు త్యాగరాజు. "ఇంకోసారి పరీక్ష చేద్దామండి. ఇంజను తిరుగుతుండగా."

ప్రెసిడెంటు నవ్వు సగంలో ఆగింది. ఆయన తెలివైనవాడు. ఈ ప్రశ్నలు ఎటు పోతున్నాయో అప్పటికే అర్థమైంది.

"చేసి?"

"చేసి చూద్దాం."

"చూస్తే తెలుస్తుంది పంతులుగారూ. తెలిసింది తెలియలేదని ఎవరం అనలేం. నలభై రెండు ఇళ్లండీ."

"ముందు విందామండి. విన్నాక ఏం చెయ్యాలో ఆ శివుడే చెబుతాడు."

"ఆయన చెప్పకపోతే?"

"నాకు వినపడలేదనుకుంటాను," అన్నాడు త్యాగరాజు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

రామాంజనేయులు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే. జయరావు బండి ఎటూ లారీ కింద పడి కాలింది. మిగతావి లోడ్లతో వెళ్లాయి. సంజీవరావు బండి షెడ్డులో ఉంది. కానివ్వండి."

అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అని త్యాగరాజుకి అప్పుడు తోచలేదు. షెడ్డులోంచి బండి బయటికి లాగి, సంజీవరావు పదిసార్లు కిక్కు కొట్టాక తోచింది. వంగి, ఇంజను మీది రబ్బరు టోపీ ఎత్తి చూశాడు. ప్లగ్గు లేదు. ప్లగ్గు ఉండవలసిన కన్నంలో దూది ఉండ కుక్కి ఉంది.

సంజీవరావు ముఖం పాలిపోయింది. "నిన్న సాయంత్రం ఉందండి. నేనే తుడిచాను."

"దొంగ వెధవలు ఎక్కువైపోయారు," అన్నాడు ప్రెసిడెంటు, ఎటో చూస్తూ. "గుంటూరు నుంచి తెప్పించాలంటే పొద్దుగూకుతుంది. ఇప్పుడు మూడుంపావు. రండి పంతులుగారూ, లోపల కూర్చుందాం. ఎండగా ఉంది."

మళ్లీ ఆ కుర్చీ, ఆ పెన్ను. త్యాగరాజు చుట్టూ చూశాడు. మనిషెత్తు గోడ, గోడ మీద గాజు పెంకులు. గొలుసు చుట్టిన గేటు. గేటు ఊచల అవతల తెల్ల గడ్డంతో ఒక మనిషి పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాడు. సంజీవరావు తండ్రి జక్రయ్య. ఆయన్ని చూడగానే త్యాగరాజు చెయ్యి, భుజాన వేలాడే పనిముట్ల సంచీ మీదికి దానంతటదే వెళ్లింది.

డెబ్బై ఏడు తుఫాను ఏడు అది. బాలసరస్వతికి నొప్పులు వస్తుంటే, నర్సమ్మని బండి మీద ఎక్కించుకుని వస్తున్నాడు త్యాగరాజు. సాయంత్రం, హోరుమని వాన. వాగు దాటాక బండి చచ్చింది. ఎంత తుడిచినా ప్లగ్గు నిప్పు పుట్టించలేదు. ఎదురుగా మిషను పాస్టరుగారి బండి మీద జక్రయ్య వచ్చాడు. సంగతి విని, మారుమాట లేకుండా ఆ బండి ప్లగ్గు ఊడదీసి ఇచ్చాడు. "మరి నువ్వో?" అంటే, "నాకేంటండి, నెట్టుకుంటా పోతా" అన్నాడు. మూడు మైళ్లు, ఆ వానలో. నర్సమ్మ వేళకి చేరింది. ఆడపిల్ల పుట్టింది.

వారం తిరక్కముందే త్యాగరాజు కొత్త ప్లగ్గు కొన్నాడు. ఇవ్వడానికి వెళితే, జక్రయ్య దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి పనికి వెళ్లాడన్నారు. పేటలోకి వెళ్లి ఇంట్లో ఇవ్వొచ్చు. ఆ పేట మొదట్లో దాకా వెళ్లి, తండ్రి బతికున్న రోజులు కనక, లోపలికి అడుగు పెట్టలేక ఆగిపోయాడు. రేపు చూద్దామనుకున్నాడు. వానలో ప్లగ్గు తీసుకోడానికి అడ్డురాని మడి, తిరిగి ఇవ్వడానికి ఎలా అడ్డొచ్చిందో ఆయన ఎన్నోసార్లు తనని తాను అడిగాడు. తండ్రి పోయాక వెళ్లొచ్చు. అప్పటికి ఆలస్యమైందన్న సిగ్గు. తొమ్మిదేళ్లుగా ఆ ప్లగ్గు, చుట్టి ఉన్న నూనె కాయితం విప్పకుండా, సంచీ అడుగున ఉంది. ఏటా ఆయుధపూజకి స్క్రూడ్రైవర్లతో పాటు దానికీ ఒక కుంకుమ బొట్టు.

సంచీలోంచి తీసి, త్యాగరాజు గేటు దగ్గరికి నడిచాడు. ఊచల్లోంచి చెయ్యి చాచాడు.

"జక్రయ్యా, ఇది నీది."

జక్రయ్య అందుకుని అటూ ఇటూ తిప్పాడు. కాయితం మీద తొమ్మిది బొట్లు, కొన్ని మాసి, ఒకటి ఎర్రగా. "ఏంటండి అయ్యగారూ, ఇది?"

"తుఫాను ఏడు, వాగు దగ్గర. నర్సమ్మ నా బండి మీద ఉంది."

ముసలాయన కళ్లు చికిలించాడు. గుర్తు రావడానికి కాస్త సేపు పట్టింది. "ఓరి నాయనోయ్! ఆ ప్లగ్గా? నేనెప్పుడో మర్చిపోయానండి. పాస్టరుగారు మాత్రం నెలరోజులు తిట్టాడు." నోరంతా తెరిచి నవ్వాడు. ఆ నవ్వులోనే అడిగాడు. "అమ్మాయిగారు బాగున్నారా?"

"నాలుగో తరగతి."

"దేవుడు చల్లగా చూడాలి." నవ్వు ఆగింది. ఆయన త్యాగరాజు భుజం మీదుగా కొడుకునీ, నిలబెట్టిన బండినీ చూశాడు. చూడగానే సంగతి పోల్చుకున్నాడు, బండ్ల మధ్య బతికిన మనిషి. ప్లగ్గు మళ్లీ ఊచల్లోంచి లోపలికి చాపాడు. "ఇది నాదంటున్నారుగా. అయితే నా ప్లగ్గు మా వాడి బండికి పెట్టండి."

కాదనడానికి ప్రెసిడెంటుకి ఇక కారణం మిగల్లేదు.

"ఒక్క పనండి," అన్నాడు త్యాగరాజు ఆయనతో. "మీరు లోపల కూర్చుని సెట్టులో ఒక మాట చెప్పాలి. ఏం చెప్పబోతున్నారో ముందే ఒక చీటీ మీద రాసి, మడిచి నాకివ్వండి. ఇక్కడ ఇంజను తిరుగుతుండగా జయరావు విన్నది చెబుతాడు. తర్వాత చీటీ విప్పుదాం. మీ మాట, మా మాట అని ఉండదు."

రామాంజనేయులు పెన్ను తీసుకున్నాడు. ఆ పెన్నుతో ఆ రోజు మొదట రాసింది ఆయనే. ఒక్క వరుస రాసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. లోపలికి వెళ్లి, మూసిన కిటికీ తనే తెరుచుకుని, ఊచల వెనక సెట్టు పట్టుకుని నిలబడ్డాడు. త్యాగరాజు చీటీని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

దూది ఉండ లాగేసి, ప్లగ్గు చేత్తో బిగించి, రబ్బరు టోపీ తొడిగాడు. జయరావు బండి మీద కూర్చోడానికి ఒక్క క్షణం తటపటాయించాడు. కిటికీలో ప్రెసిడెంటు ఉన్నాడు మరి.

"కూర్చో నాయనా," అన్నాడు త్యాగరాజు. "ఇవాళ దిగొద్దు."

జయరావు కూర్చున్నాడు. కట్లు కట్టిన మణికట్ల మధ్య సెట్టు ఇరికించుకున్నాడు. గొంతు పూర్తిగా పెంచారు. "వినపడుతుందా?" అంది అందులోంచి ప్రెసిడెంటు గొంతు, ఖణేల్మని, పక్కనే ఉన్నట్టు.

సంజీవరావు కిక్కు కొట్టాడు. ఒకటి. రెండు. మూడోదానికి ఇంజను అందుకుంది.

సెట్టు గీపెట్టింది. రేకు మీద కంకర కుమ్మరించినట్టు, ఆగకుండా. జయరావు తల పక్కకి విదిల్చాడు. అయినా చెవి తియ్యలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఆ రొదలో వెతికాడు. వెతికి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సంజీవరావు నేల మీద కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు.

త్యాగరాజు కిటికీ వైపు చూశాడు. ఊచల వెనక ప్రెసిడెంటు పెదవులు కదులుతున్నాయి. చీటీ మీద రాసింది ఒక్క వరుస. అది ఎప్పుడో అయిపోవాలి. ఆయన ఆపడం లేదు. త్యాగరాజు కళ్లలోకే సూటిగా చూస్తూ, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, మళ్లీ చెబుతున్నాడు. ఏదో అడుగుతున్నట్టు, ఏదో ఒప్పుకుంటున్నట్టు. ఎవరికీ వినపడదని నమ్మకం కుదిరిన మనిషి మాత్రమే అలా మాట్లాడగలడు. ఒక్క మాటైనా బయటికి రాలేదు.

జేబు మీద చెయ్యి పెట్టుకుని త్యాగరాజు కదలకుండా నిలబడ్డాడు. గేటు బయట దుమ్ము లేచింది. సర్కిల్‌గారి జీపు వచ్చి ఆగింది. వాచ్‌మన్ తాళంచెవి పట్టుకుని పరుగెత్తాడు. ఆ ఇంజను మోతనీ, సెట్టు గోలనీ, జీపు హారన్నీ మించి ఒక్క గొంతు లేచింది. పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పిలిచి అలవాటైన గొంతు. ఊచల్లోంచి రెండు చేతులూ ఎత్తి జక్రయ్య అరుస్తున్నాడు.

"ముట్టిందండీ, అయ్యగారూ! నా ప్లగ్గు నాకు ముట్టింది!"

త్యాగరాజుకి ప్రతి అక్షరమూ వినపడింది.